ఇరుసు మీది అక్షరాలు

పక్క వాటా అరుగు మీద ఎవరో ఈ ఉదయం సైకిలు విప్పి, ముక్కలన్నీ కిరసనాయిలు పళ్ళెంలో నానవేశారు. నేను కిటికీ దగ్గర కూర్చుని పిల్లల వ్యాసాల పుస్తకాలు దిద్దుతున్నాను. కిరసనాయిలు, పాత గ్రీజు, తడి ఇనుము కలిసిన ఆ వాసన గదిలోకి వచ్చింది. ఎర్ర సిరా కలం చేతిలో అలాగే ఉండిపోయింది. ఎవరికీ చెప్పని మాట ఒకటి నా దగ్గర ఉంది. పదమూడో ఏట నుంచి డైరీ రాస్తున్నదాన్ని, కూరలో ఉప్పు ఎక్కువైన రోజులు కూడా రాసుకున్నదాన్ని, దీన్ని మాత్రం రాయలేదు. ఆ తేదీ కింద "ఇవాళ వాన రాలేదు" అని ఒక్క వాక్యం ఉంది. ఆ రోజు నేను, నన్ను నమ్మిన మనిషికి ఒక అబద్ధం చదివి వినిపించాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, గొంతు వణుకుతుంది. చదవడం మాత్రం చాలా తేలిక అని ఆ రోజే తెలిసింది.

ఆ మనిషి ఖాసిం. ఆర్మూరులో సైకిళ్ళు బాగుచేసేవారు. ఊరంతా ఆయన్ని చాచా అనేవారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. నాగపూరు రోడ్డు నుంచి పసుపు మార్కెట్టుకు తిరిగే మలుపులో ఆయన రేకుల కొట్టు ఉండేది. పసుపు బండ్లు దిగే రోజుల్లో ఆ దుమ్ము గాలికి లేచి కొట్టులోని ప్రతి వస్తువు మీదా పడేది. గ్రీజు అంటిన చోటల్లా పచ్చగా పేరుకుపోయేది. ఆయన చేతుల గీతల్లో నలుపూ పసుపూ కలిసి ఉండేవి. అన్నం తినే ముందు ఎంత తోముకున్నా పోయేవి కావు.

ఆంధ్ర, తెలంగాణా కలిసి ఒక రాష్ట్రమైన మరుసటి ఏడాది మా నాన్నకు కృష్ణా జిల్లా నుంచి అక్కడికి బదిలీ అయింది. నాన్న సహకార శాఖలో గుమాస్తా. నాకు పదిహేనేళ్ళు. మేం నోరు తెరిస్తే చాలు, దుకాణంలో ఉన్నవాళ్ళు తల ఎత్తి చూసేవారు. ఊరికి చెందినవాళ్ళు ముల్కీలు, మాలాంటి వాళ్ళు గైర్ ముల్కీలు. ఆ మాట ఎవరూ మా ముఖం మీద అనలేదు గానీ, మేం మలుపు తిరిగాక వినిపించేది. నల్లా దగ్గర నేను "అలాగేనండీ" అంటే ఆడపిల్లలు ఆ "అండీ"ని సాగదీసి ఒకరికొకరు ఇచ్చుకుని నవ్వేవారు. చెడ్డ నవ్వు కాదు. అయినా నాకు మాట్లాడాలంటే భయం పట్టుకుంది. మెట్రిక్ అయ్యాక ఇంట్లోనే కూర్చున్నాను. పుస్తకాలు, డైరీ, కిటికీలోంచి కనిపించే గుట్ట మీది బండరాళ్ళు. అమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడని వారాలు ఉండేవి.

నాన్న ఊళ్ళు తిరిగే సైకిలును ఖాసిం చాచా దగ్గరే బాగుచేయించేవారు. ఒకసారి చాచా నాన్నను, మీ బిడ్డకు ఇంగ్లీషు రాయడం వస్తుందా అని అడిగారట. సికింద్రాబాదు, బొంబాయి కొట్లకు సామాను కోసం ఉత్తరాలు రాయాలి. ఆయనకు ఉర్దూ రాయడం కూడా రాదు. నాన్న ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ఆదివారం పొద్దున ఆయన మా అరుగు మీదికి వచ్చేవారు. చెప్పులు మెట్ల కిందనే విడిచి, స్తంభానికి ఆనుకుని కూర్చుని చెప్పేవారు. నేను లోపల గడప దగ్గర కూర్చుని రాసేదాన్ని.

మొదటి ఉత్తరంలోనే గొడవ జరిగింది. "చూడి బరాబర్ ఉండాలె అని రాయి బిడ్డా. చూడి కలవకపోతే వాపస్ పంపిస్తమని రాయి" అన్నారు. నా కలం ఆగిపోయింది. మా వైపు చూడి అంటే కడుపుతో ఉన్న ఆవు. చెవుల దాకా వేడెక్కింది. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది: "ఆయన ఆవు చూడిదైతే సైకిళ్ళ కొట్టుకు రాస్తారేమిటే?" చాచా ఒక నిమిషం అర్థం కాక చూసి, తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. జేబులోంచి ఒక బోల్టు తీసి దాని మీది మరచుట్లను గోరుతో చూపించారు. "గీ సుట్లను చూడి అంటం. మా ఉర్దూల గాజును గూడ చూడి అంటరమ్మా. సూడుండ్రి, గాజులు తొడిగినట్టు లేదా?" అని వంటింటి వైపు ఎత్తి చూపించారు. అమ్మ తలుపు సందులోంచి చూసి, తన చేతి గాజులు ఒకసారి చూసుకుని, ఆయనకు మజ్జిగ పంపించింది. మా ఇంట్లోంచి అక్కడి మనిషికి వెళ్ళిన మొదటి గ్లాసు అదే.

ఆయనకు ఒక నియమం ఉండేది. దాని వల్ల ఊళ్ళో ఆయన్ని కొందరు గౌరవించేవారు, చాలామంది విసుక్కునేవారు. ఫ్రేము ఏ దేశానిదైతే దానికి వేసే ప్రతి సామానూ ఆ దేశానిదే కావాలి. ఇంగ్లండు ఫ్రేముకు ఇంగ్లండు చెయిను, ఇంగ్లండు ఇరుసు, చివరికి పెడల్ రబ్బరు కూడా. దేశీ ఫ్రేముకు దేశీ సామాను, దాన్ని ఆయనేమీ చిన్నచూపు చూసేవారు కాదు. కలపడం మాత్రం కుదరదు. "ఒక్క బండి ఒక్క ముల్కు" అనేవారు. అప్పటికి విదేశీ సామాను దేశంలోకి రావడం దాదాపు ఆగిపోయింది. ఆయన మాత్రం చిన్న నట్టు కోసం కూడా మూడు ఊళ్ళకు రాయించేవారు. బండి యజమాని నెలల తరబడి నడుచుకుంటూ తిరిగేవాడు.

ఎందుకంత పట్టుదల అని ఒక ఆదివారం అడిగాను. నేను ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. చిన్నప్పుడు బొల్లారంలో ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నారట. ఒక ఇంగ్లీషు ఫ్రేముకు, ఇరుసును పట్టి ఉంచే మరచుట్ల కప్పు జపానుది పెట్టి, పట్టడం లేదని పానాతో బలంగా తిప్పారు. కప్పు లోపలికి పోయింది, పోతూ పోతూ ఫ్రేములోని చుట్లన్నీ కోసుకుంటూ పోయింది. ఇక ఆ ఫ్రేము దేనికీ పనికిరాలేదు. ఉస్తాదు కొట్టలేదు, తిట్టలేదు. చేతిలోంచి పానా తీసుకుని, మూడు నెలలు కొట్టు బయట కూర్చోబెట్టి నట్లు ఏరించారు. "కొడ్తే మర్చిపోదును బిడ్డా" అన్నారు చాచా.

రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో పనిచేసే నర్సయ్య అనే మనిషి ఆయన్ని ఆటపట్టించడానికే అటు వచ్చేవాడు. ఒక రోజు నేను నాన్నతో కొట్టు దగ్గర ఉండగానే, "ఏం చాచా, బండికి గైర్ ముల్కీ పుర్జా ఎయ్యనంటవు, ఉత్తరాలేమో ఆంధ్ర పిల్లతోని రాయిస్తవు, గిదేం ఇన్సాఫ్?" అన్నాడు. నేను నాన్న వెనక్కి జరిగాను. చాచా చక్రం తిప్పుతూ, చువ్వలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తూనే జవాబిచ్చారు. "ఉత్తరం ఇంగ్లీషుల రాస్తది. ఇంగ్లీషు నీ తాతల జాగీరా నర్సయ్యా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నర్సయ్య కూడా నవ్వాడు. ఆ రోజు ఇంటికి వస్తూ దారంతా నాలో నేను ఆ జవాబునే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను.

ఆ కొట్టు దూలానికి ఒక ఆడవాళ్ళ సైకిలు వేలాడుతూ ఉండేది. మిషను దవాఖానాలో పనిచేసిన తెల్ల నర్సమ్మ తన దేశం వెళ్ళిపోతూ ఆయనకు ఇచ్చిపోయిందట. ముందు కమ్మీ కిందికి వంగి ఉంటుంది కాబట్టి చీర కట్టినవాళ్ళు ఎక్కవచ్చు. అన్నీ ఇంగ్లండువే, పెడళ్ళను కలిపే ఇరుసు మాత్రం విరిగిపోయింది. అలాంటిది దొరకనిదే దించనని నాలుగేళ్ళుగా అలాగే వేలాడదీశారు.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నందిపేట దారిలో, నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళో ఆడపిల్లల బడికి పంతులమ్మగా ఉత్తర్వు వచ్చింది. ఫలానా తేదీకి చేరకపోతే రద్దు అని కింద రాసి ఉంది. ఆ ఏడాదే నాన్నకు ఉబ్బసం ముదిరింది, సెలవు మీద సెలవు పెడుతున్నారు. బడి వేళకు బస్సు లేదు. మొక్కజొన్న చేల మధ్య నాలుగు మైళ్ళు ఒంటరిగా నడవనివ్వనని అమ్మ అంది. నేను ఉత్తర్వును మడిచి డైరీలో పెట్టుకున్నాను. ఆ కాగితం పోతే కిటికీ, గుట్ట, డైరీ, అంతే నా బతుకని నాకు స్పష్టంగా తెలుసు.

సంగతి నాన్న చెప్పారో ఏమో, ఆదివారం చాచా వచ్చి, దూలం మీది బండి నీకే అన్నారు. ఇరుసు ఒక్కటీ రావాలి. అన్ని కొట్లకూ మళ్ళీ రాయమన్నారు. అది వచ్చే లోపల నేర్చుకొమ్మని బండిని దించి తన ఇంటి వెనక దొడ్లోకి పంపించారు. ఆయన భార్య జైనబ్ చాచీ రోజంతా అక్కడ బీడీలు చుట్టేది. మగవాళ్ళెవరూ రాని ఆ దొడ్లో, పెడళ్ళు లేని బండి మీద నన్ను కూర్చోబెట్టి, వెనక సీటు పట్టుకుని, ఒడిలోంచి తునికాకులు రాలుతున్నా లెక్కచేయకుండా ఆమె పరుగెత్తేది. నేను కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయేదాన్ని. ఒక సాయంత్రం వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఎప్పుడో వదిలేసి, గోడ దగ్గర నిలబడి నడుము పట్టుకుని నవ్వుతోంది. పుస్తకాలు తప్ప నాకు స్నేహితులు లేని రోజుల్లో నా పక్కన వినిపించిన నవ్వు అదే.

సికింద్రాబాదు నుంచి లేదని జవాబు వచ్చింది. బొంబాయిలో ఒక కొట్టు జవాబే రాయలేదు. గడువుకు రెండు రోజుల ముందు ఇంకో కొట్టు నుంచి పార్సిలు వచ్చిందని కబురు చేస్తే నాన్న నన్ను తీసుకుని వెళ్ళి, ఆయాసం వల్ల బయట బల్ల మీదే కూర్చుండిపోయారు. చాచా కత్తితో దారం కోసి ఉత్తరం నా చేతికిచ్చారు. ఇంగ్లండు సరుకు ఇక దేశంలోకి రాదు, ఈ ఇరుసు ఇక్కడే తయారైంది, కొలత ఒకటే, అక్కర్లేకపోతే తిప్పి పంపండి, అని ఉంది. నేను ముందు మనసులో చదువుకున్నాను. తర్వాత పైకి, మీరు అడిగిన సరుకు పంపుతున్నాం అని చదివాను.

చాచా గ్రీజు కాగితం విప్పి, ఇరుసు తీసి, నా అరచేతిలో పెట్టారు. చల్లగా, అనుకున్నదాని కంటే బరువుగా ఉంది. మధ్యలో సన్నని అక్షరాలు గుద్ది ఉన్నాయి.

"జర సదువు బిడ్డా. ఏ ముల్కు?"

మన దేశం పేరే ఉంది. నేను దాని మీద వేలు పెట్టి, పిల్లలకు పాఠం చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి, "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని చదివాను. గొంతు కొంచెమైనా వణకలేదు. ఆయన ఇరుసు తీసుకుని వెలుతురులోకి పట్టి చాలాసేపు చూశారు. నా వైపు చూడలేదు. "మంచిది" అన్నారు.

ఆ తర్వాతి పావుగంట నేను ఎన్నడూ మర్చిపోలేదు. చుట్లు కలవకపోతే ఆ ఫ్రేము ఇక ఎందుకూ పనికిరాదని నాకు తెలుసు. అలాంటి ఆడవాళ్ళ బండి ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అంతకన్నా, ఆయన రెండోసారి అదే తప్పు చేస్తారు, ఈసారి నా మూలంగా. ఆగమనడానికి నాకు నోరుంది. డైరీలోంచి తీసిన ఉత్తర్వు చీర కొంగులో ముడివేసి ఉంది. ఆయన పానా తీసుకోలేదు. ఇరుసుతో వచ్చిన కప్పును రెండు వేళ్ళతో పట్టుకుని, దొడ్లోంచి తెప్పించిన ఫ్రేము నోటికి ఆనించి, కళ్ళు మూసుకుని మెల్లగా తిప్పారు. ఒక చుట్టు. ఆగారు. వెనక్కి తిప్పారు, మళ్ళీ ముందుకు. రెండు చుట్లు. మూడు. మధ్యాహ్నం ఎండలో రోడ్డు మీద పసుపు బండి ఒకటి కిర్రుమంటూ పోతోంది. "పోతున్నది" అన్నారాయన, ఎవరితోనో రహస్యం చెప్పినట్టు.

నేను సమయానికి బడిలో చేరాను. ఆరేళ్ళు ఆ బండి మీదే తిరిగాను. మొదటి నెల ప్రతి గుంతలోనూ ఇరుసు విరిగిన చప్పుడు వినిపించినట్టు అనిపించేది. ఆరేళ్ళలో అది ఒక్కసారి కూడా మూలగలేదు. ఆ ఊరి పిల్లలు చేల గట్ల మీద నిలబడి "పంతులమ్మ సైకిల్, పంతులమ్మ సైకిల్" అని అరిచేవారు. కొన్నాళ్ళకు అరవడం మానేశారు, నేను వాళ్ళకు అలవాటైపోయాను.

ఖాసిం చాచాకు మాత్రం నేను దూరమయ్యాను. నేను అటు వెళ్ళినప్పుడల్లా కొట్టు దగ్గర ఉన్నవాళ్ళకు ఆయన బండిని చూపించేవారు. "సూడుండ్రి, పూరా విలాయతి. ఒక్క దేశీ పుర్జా లేదు" అనేవారు. నేను నేల చూపులు చూసేదాన్ని. అది నన్ను పొడవడానికే అంటున్నట్టు ఒకసారి, నిజంగానే మురిసిపోతున్నట్టు ఇంకోసారి అనిపించేది. రెండూ భరించలేక ఇంకో సందులోంచి తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను. ఏడాదికోసారి బండి విప్పి శుభ్రం చేయాల్సి వస్తే, కొట్టు ముందు నిలబెట్టి, బడి పని ఉందని చెప్పి వచ్చేసేదాన్ని. ఉత్తరాలకు పోస్టాఫీసు దగ్గర రాసేవాళ్ళను చూసుకొమ్మని నాన్నతో చెప్పించాను. ఆదివారాలు మా అరుగు ఖాళీగా ఉండేది. జైనబ్ చాచీ పోయినప్పుడు వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఆ దొడ్లోనే కూర్చోబెట్టారు. బయట ఆయన ఉన్నారని తెలిసీ, చూడకుండానే వచ్చేశాను. డైరీలో ఆ రోజు నాలుగు పేజీలు రాశాను. ఆయన కొట్టు మా ఇంటికి మూడు వందల అడుగులు కూడా ఉండదు. ఆయనతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను.

నాన్న పదవీ విరమణ చేశాక మా వైపు వెళ్ళిపోదామని అమ్మ అంది. మా జిల్లాలో, ఇప్పుడు నేనున్న ఈ బడిలో నాకు ఉద్యోగం దొరికింది. బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం బండిని అప్పగించడానికి కొట్టుకు వెళ్ళాను. ఆయన ఒక్కరే ఉన్నారు. గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. ముందర ఒక గోనెసంచి కుమ్మరించి పాత ఇనుప సామాను ఏరుతున్నారు. ఒక్కొక్క ముక్క తీసి, గుద్దిన అక్షరాల మీది మసిని బొటనవేలితో తుడిచి, ఒక్క చూపు చూసి, విలాయతీ డబ్బాలోనో దేశీ డబ్బాలోనో వేస్తున్నారు. చేయి ఎక్కడా ఆగడం లేదు.

ఒకటి రెండు ముక్కలు వంగి చూశాను. సరిగ్గానే వేస్తున్నారు. చదవడం ఎప్పుడు నేర్చుకున్నారు చాచా అని అడిగాను.

"సదువు యాడిది బిడ్డా. మొఖాలు గుర్తువడ్తయ్. నలభై ఏండ్ల సంది సూస్తున్న గద."

నేను సైకిలును ఆ పాత దూలం కింద నిలబెట్టాను. ఆ రోజు వెలుతురులోకి పట్టి ఆయన అంతసేపు దేన్ని చూశారో అప్పుడు తెలిసింది. చదవమని నన్నెందుకు అడిగారో కూడా తెలిసినట్టే అనిపించింది. ఆయన నోటితో ఆయన ఆ నియమం దాటలేరు. ఇంకొకరు చదివితే వినగలరు. ఆయన తన ఉస్తాదు దగ్గర నేర్చిన పాఠాన్ని నా ఉద్యోగం కోసం పక్కన పెట్టారు, నేనేమో మోసం చేశాననుకుని ఆరేళ్ళు ఆయన మొహం తప్పించుకుని తిరిగాను. భార్య పోయిన మనిషి ఆదివారాలు ఎవరి అరుగు మీద కూర్చున్నారో నాకు తెలియదు.

ఇక్కడికి వచ్చి రెండేళ్ళవుతోంది. మా వైపే, మా మాటే. కానీ స్టాఫ్ రూములో నేను నోరు జారి "గట్ల కాదు" అంటే తోటి టీచర్లు, తెలంగాణా అమ్మాయివా అని అడుగుతారు. అక్కడ ఆంధ్ర పిల్లనే. మొదట్లో బాధపడేదాన్ని, ఇప్పుడు దిద్దుకోవడం మానేశాను. పిల్లల పుస్తకాల్లో రెండు ప్రాంతాల మాటలు కలిసిన వాక్యం కనిపిస్తే, అది బిగిసి నిలబడిందా లేదా అని వేళ్ళతో తిప్పినట్టు చదివి చూస్తాను. నిలబడితే ఎర్ర సిరా పెట్టను. ఆయన నుంచి నాకు వచ్చిన పని అదొక్కటే. మిగతాదంతా నేను అడగని ప్రశ్నలు, కూర్చోని సాయంత్రాలు.

నేను బండి అప్పగించిన మర్నాడు పొద్దున, మేం ఆర్మూరు వదిలేటప్పుడు, ఆయన బస్సు దగ్గరికి వచ్చారు. అమ్మా నాన్నా ముందే ఎక్కి కూర్చున్నారు. ఆయన మా ట్రంకు పెట్టెను పైకెత్తి కట్టించి, తాడు రెండుసార్లు లాగి చూశారు. నేను మెట్టు దగ్గర ఆగి, రాత్రంతా కూడగట్టుకున్న మాట మొదలుపెట్టాను. చాచా, ఆ రోజు ఆ ఇరుసు మీద నేను చదివింది, అన్నాను. అక్కడితో గొంతు వణికి ఆగిపోయింది. ఆయన భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకున్నారు.

"నువ్వు సదివినవ్, నేను విన్న. అయిపాయె. కిటికీ కాడ కూసో బిడ్డా, నీకు బస్సు వడదు."